పక్క బెంచీ సెట్టింగులు

భార్గవిని చూస్తే కనకలక్ష్మికి కడుపు మండేది. దాచడమెందుకు, ఉన్నమాటే చెబుతున్నాను. హైటెక్ సిటీలో పంపులు పరీక్షించే ఆ ల్యాబులో పదకొండేళ్లుగా సెన్సార్లకు వైర్లు బిగిస్తున్నది తను. ఆ పిల్ల వచ్చి నిండా ఆర్నెల్లు కాలేదు. అయినా మేనేజరు వేణు గారు నోరు తెరిస్తే భార్గవి పేరే.

కొత్త ల్యాబుకు ఒకరిని ఇన్‌ఛార్జిని చేస్తామన్నారు. సెన్సార్ల రీడింగులను కంప్యూటర్లోకి తెచ్చే కార్డుకు సొంతంగా ప్రోగ్రాం రాసి, శుక్రవారానికి అంకెలు నిలకడగా చూపించినవాళ్లదే ఆ పదవి. కనకలక్ష్మి లింగంపల్లిలో ఇంటి పని అంతా పక్కన పడేసి, ఆదివారాలు వీడియోలు చూసి నేర్చుకుంది. ప్రోగ్రాం నడిచింది. అంకెలు మాత్రం గంతులేశాయి.

పక్క బెంచీ మీద భార్గవి అంకెలు బుద్ధిగా కూర్చున్నాయి. కార్డును నడిపించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరూ ముట్టని అడ్వాన్స్‌డ్ సెట్టింగులు తెరిచి ఏవేవో మార్చిందట. అడిగితే చెప్పేదే. కానీ నిన్న గాక మొన్న వచ్చిన పిల్లను అడగడమా! శుక్రవారం వేణు గారు రావడానికి పది నిమిషాల ముందు భార్గవి టీకి వెళ్లింది. కనకలక్ష్మి ఆ తెరను ఫోటో తీసి, ఉన్నదున్నట్టు తన ప్రోగ్రాంలోకి దించేసింది. నడిపి చూసుకునే వ్యవధి లేదు.

"మొదలుపెట్టండి లక్ష్మి గారూ," అన్నారు వేణు గారు.

పంపు ఇంకా ఆన్ చేయనే లేదు, తెర మీద తొమ్మిది బార్ల ఒత్తిడి. మరుక్షణం సున్నా కిందికి. కనకలక్ష్మి ప్రోగ్రాం ఆపి మళ్లీ నడిపినా అదే తీరు.

టీ తాగి వచ్చిన భార్గవి వంగి చూసింది. "గిదేందక్కా, రెండు వైర్ల మోడ్ పెట్టినవ్? నీ బెంచీల ఒక్కో సెన్సారు నుంచి ఒక్క వైరే కార్డుకు వస్తది గదా. నా దాంట్ల రెండేసి ఉన్నయి, అందుకే నాకు నడిచింది."

"నా వైర్ల సంగతి నీకెట్ల తెలుసు?"

"నువ్వు గీసిన వైరింగ్ బొమ్మలు ఫైల్ల ఉన్నయి గదక్కా. అవి చూసే సెట్టింగులు పెట్టిన. అవి లేకుంటే నాకేం సమజయ్యేది?"

రెండు బెంచీలకూ వైర్లు బిగించింది తనే. ఒక్కసారి తన చేతిపని వైపు చూసుకున్నా తెలిసేది. ఎంతసేపూ పక్క తెర మీదే పడి ఏడ్చింది.

పదవి భార్గవికి వెళ్లింది. వేణు గారు మెచ్చుకుంటుంటే, "సగం అక్క పనే సార్," అంది ఆ పిల్ల, మనస్ఫూర్తిగా. కనకలక్ష్మి కూడా చప్పట్లు కొట్టింది. ఆ పిల్ల మనసులో తన మీద రవ్వంత అసూయ కూడా లేదు. కనకలక్ష్మి దాన్నీ ఓర్వలేకపోయింది.