నీళ్ళివ్వొద్దన్న మాట

ఇప్పటికీ తారురోడ్డు మీద ఒంటరిగా నడుస్తుంటే నా వెనక ఉత్తకాళ్ళ చప్పుడు వినిపిస్తుంది. చెప్పులదీ కాదు, బూట్లదీ కాదు. అరికాలు వేడి తారుకు తగిలి వెంటనే లేచిపోయే చిన్న చప్పుడు. కాసేపు వినిపించి ఆగిపోతుంది. వినిపించినందుకు భయం లేదు, ఆగిపోయినందుకే భయం. వెనక్కి తిరిగి చూడను. ఆ రోజూ చూడలేదు.

మేము ముగ్గురం బరంపురంలో కలిసి చదువుకున్నాం. నేను పప్పులూ బెల్లమూ టోకున అమ్మే దుకాణం వాళ్ళ అబ్బాయిని. రెండోవాడు లంజిపల్లిలో ఉండే రైల్వే ఉద్యోగి కొడుకు, నోరు తెరిస్తే వేళాకోళం. మూడోవాడు పాత్రపూర్ అవతల పల్లెలో రైతుబిడ్డ. ఊళ్ళో గది అద్దెకు తీసుకుని, తన వంట తనే వండుకునేవాడు. ముగ్గురికీ పరుగు పిచ్చి. తెల్లవారగానే స్టేషన్ దగ్గర కలుసుకుని, సముద్రం వైపు వెళ్ళే గోపాలపూర్ రోడ్డు పట్టుకునేవాళ్ళం.

పల్లె నుంచి వచ్చినవాడికి బూట్లు లేవు. కొనిస్తానంటే నవ్వేవాడు. "మడిగట్ల మీద పరిగెట్టినోణ్ణి. బూట్లేసుకుంటే నేల తెలీదు సావుకారీ," అనేవాడు. నన్నెప్పుడూ సావుకారీ అనే పిలిచేవాడు.

వాడికొక పద్ధతి ఉండేది. దారంతా నాకు పది అంగల వెనకే ఉండేవాడు. చివరి మైలు రాగానే పక్కకు వచ్చి, "ఎల్లొస్తాను సావుకారీ" అని నవ్వి, అలా దాటిపోయేవాడు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా నేను వాణ్ణి ఓడించలేదు. లంజిపల్లివాడు చాలా దూరం నుంచి అరిచేవాడు, "ఒరే, మీ ఇద్దరూ సముద్రంలోకి పోండ్రా, నాను జీడిపప్పు తింటూ వస్తాను!" అని. నేనూ నవ్వేవాణ్ణి. వెనక పల్లెవాడి కాళ్ళ చప్పుడు వినిపిస్తే మాత్రం నవ్వు ఆపి అంగ పెంచేవాణ్ణి.

ఏటా ఎండలు ముదిరే వేళకు ఊళ్ళో ఒక ఆఖడా, అంటే కసరత్తు శాల, వాళ్ళు గోపాలపూర్ దాకా పరుగుపందెం పెట్టేవారు. ఆ ఏడు అది చైత్రమాసం చివరి రోజుల్లో పడింది. అక్కడే చిక్కు వచ్చింది. చైత్రంలో మా గంజాం పల్లెల్లో దండయాత్ర అనే వ్రతం జరుగుతుంది. కాళికమ్మకు మొక్కుకున్నవాళ్ళు దండువాలై, పదమూడు రోజులు ఇల్లు విడిచి, దళంగా ఊరూరూ తిరుగుతారు. మిట్టమధ్యాహ్నం కాలే మట్టిలో పొర్లుతారు. ఒక్కపూటే తింటారు. మా పల్లెవాడు చేరిన దళంలో నియమం ఇంకా గట్టిది: పొద్దు గూకేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. వాళ్ళమ్మకు పెద్ద జబ్బు చేసి తగ్గినప్పుడు వాడి పేర మొక్కుకున్నారు. మూడేళ్ళ మొక్కు, అది ఆఖరి ఏడు.

పందెం నాటికి వాళ్ళ దళం బరంపురానికి రెండు మైళ్ళలో ఒక ఊళ్ళో దిగింది. తెల్లవారకముందే వాడు నడుచుకుంటూ వచ్చేశాడు. కాషాయం గుడ్డ విప్పి సంచిలో పెట్టుకుని, ఖాకీ నిక్కరూ బనీనూ వేసుకున్నాడు. మెడలో వ్రతపు దారం బనీను లోపలికి తోసుకున్నాడు.

"ఏట్రా, నిజంగానే వచ్చీసావా!" అన్నాడు లంజిపల్లివాడు. "కాళికమ్మ ఊరుకుంటాదేటి?"

"నీలాటోణ్ణి భూమ్మీద ఉండనిచ్చింది, నన్నుండనివ్వదా?" అన్నాడు వాడు.

లంజిపల్లివాడు నంబరు గుడ్డ కట్టించుకోవడానికి వెళ్ళాక, వాడు నా భుజం పట్టుకుని పక్కకు లాగాడు.

"సావుకారీ, నీకొక్కడికే సెప్తన్నాను. దళం పెద్దాయన్ని అడిగాను. పరుగెట్టినంతసేపూ నీళ్ళు తాగొచ్చన్నాడు, మద్దినేళ పొర్లుదండానికి అందుకోవాలన్నాడు. మా అమ్మ కూడా ఎల్లమంది. కానీ ఎవుళితోనూ సెప్పకు. దళంలో మిగతావోళ్ళకి తెలిస్తే పెద్దాయనకి మాటొస్తాది."

"సెప్పన్రా," అన్నాను.

ఆ మాట నేను నిలబెట్టుకున్నాను. అదే నా తప్పుకి పనిముట్టయింది.

ఆరింటికి మొదలవ్వాల్సిన పందెం, జెండా ఊపాల్సిన అధికారి రాక ఎనిమిది దాటాక మొదలయింది. అప్పటికే తారు మీద గాలి వణుకుతోంది. గోపాలపూర్ వైపు వెళ్తుంటే పొద్దు సరిగ్గా కళ్ళల్లో పడుతుంది. నలభై మంది దాకా బయల్దేరాం. మూడు మైళ్ళయ్యేసరికి సగం మంది నడక పట్టారు. ముందు ఇద్దరు పోలీసు కుర్రాళ్ళు, వాళ్ళ వెనక నేను, నా వెనక ఆ చప్పుడు.

ఆ రోజు గోపాలపూర్‌లో మా నాన్న ఉన్నాడు. నా పరుగు చూడడానికి రావడం అదే మొదలు, తోటి వర్తకులతో జీపులో వచ్చాడు. "ఏపాటి పరిగెడతాడో సూద్దాం" అని వాళ్ళతో అన్నట్టు మా అమ్మ చెప్పింది. దారి పొడవునా నా తలలో ఒకటే ఆలోచన. చివరి మైల్లో వీడు పక్కకు వచ్చి నవ్వుతాడు. మా నాన్న కళ్ళముందే దాటిపోతాడు.

సగం దారిలో, సరుగుడు చెట్ల కింద, ఒక ముసలామె చలివేంద్రం పెట్టుకుంది. ఒడియా ఆమె. తాటాకు పందిరి, మూడు కుండలు. దానికి కొంచెం ముందు వాడి అరికాల్లో రాయి గుచ్చుకుంది. "ఎల్తూండు, వస్తన్నాను" అని కేకేసి రోడ్డు పక్కన కూర్చున్నాడు. నేను పందిరి కింద ఆగి రెండు ముంతలు తాగాను. వాడు లేచి రావడం కనిపిస్తోంది. ఎండకు ముఖం నల్లబడింది. ఆ క్షణాన నా నోట ఆ మాట వచ్చింది.

"మౌసీ, పఛొరే జే ఆసుఛి, సే దండువా. మాగిలే బి పాణి దేబొ నాహి."

పిన్నీ, వెనక వచ్చేవాడు దండువా, అడిగినా నీళ్ళివ్వకు. అంతే.

ఆమె కుండ మీంచి చెయ్యి తీసేసి, వాడు వస్తున్న వైపుకు రెండు చేతులూ జోడించింది. దండువా వ్రతం చెడగొట్టిన పాపం తన చేతికి అంటుతుందని అలాంటివాళ్ళకు ఎంత భయమో నాకు బాగా తెలుసు. తెలిసే అన్నాను. పక్కనే పందెం వాళ్ళ మనిషి ఒకాయన సైకిలు ఆపుకుని నీళ్ళు తాగుతున్నాడు. ఆయనా విన్నాడు. "అలాగా! ముందున్న పందిట్లో కూడా సెప్పీస్తానుండు బాబూ" అని భక్తిగా సైకిలెక్కి నాకంటే ముందు వెళ్ళిపోయాడు. ఆపి ఉండవచ్చు. కేకేస్తే వినపడేంత దూరంలోనే ఉన్నాడు. నేను పరిగెత్తాను గానీ పిలవలేదు.

ఎన్నో ఏళ్ళు నాకు నేను రకరకాలుగా చెప్పుకున్నాను. వాడి వ్రతం కోసమే అన్నానని ఒకసారి. ఎండ దెబ్బకు తెలివి తప్పి అన్నానని ఇంకోసారి. ఏదీ నిలబడలేదు. వాడు నీళ్ళు తాగకపోతే చివరి మైల్లో నన్ను దాటలేడు. నేను అనుకున్నది అదొక్కటే. అంతకుమించి ఏమవుతుందో అనుకోలేదు. అనుకోకపోవడం కూడా నా పనే.

రెండో పందిట్లో నాకు గబగబా నీళ్ళు పోశారు. మళ్ళీ పరుగు అందుకున్న కాసేపటికి వెనక ఆ చప్పుడు వినిపించింది. నీళ్ళు లేకుండానే అంత దూరం పూడ్చుకుని వచ్చేశాడు. కానీ చప్పుడు మునుపటిలా లేదు. రెండు అంగలు దగ్గరగా, ఒకటి దూరంగా పడుతోంది. మొగలి పొదలు మొదలైన చోట అది ఆగిపోయింది. అలసిపోయాడు, నయం, అనుకున్నాను. సరిగ్గా ఈ మాటే అనుకున్నాను.

మూడోవాడిగా చేరాను. మా నాన్న నా వీపు తట్టి, "మూడోవోడివా? పరవాలేదు" అన్నాడు.

ఎప్పుడూ వెనకపడే లంజిపల్లివాడు వాణ్ణి మొగలి పొదల పక్కన చూశాడు. వాడి నోట్లో మట్టి ఉందట. ఒళ్ళు పెనంలా కాలుతోందట. చేపల లారీ ఆపి, మంచుముక్కల మధ్య పడుకోబెట్టి పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాడు. మూడు రోజులు తెలివి రాలేదు. తెలివి వచ్చాక కుడికాలు మాట వినలేదు, చెయ్యి వణికేది, మాట ముద్దముద్దగా వచ్చేది. ఎండదెబ్బ మెదడుకు తగిలిందన్నారు డాక్టర్లు. అవి మళ్ళీ పూర్తిగా బాగవలేదు.

నేను వెళ్ళేసరికి వాళ్ళమ్మ మంచం కింద నేల మీద కూర్చుని ఉంది.

"అడిగాన్రా," అన్నాడు వాడు నన్ను చూసి. ఒక్కో మాటా వెతుక్కుంటున్నాడు. "రెండు పందిళ్ళలోనూ... సెయ్యి సాచి అడిగాను. దణ్ణం పెట్టారు గానీ... నీళ్ళియ్యలేదు. నాను దండువానని ఆళ్ళకెలా తెలిసింది?"

నాకంటే ముందు వాళ్ళమ్మే చెప్పేసింది. "ఇంకెవులు సెప్తారు బాబూ, ఆ తల్లే సెప్పింది. వ్రతం నడిమిన ఆటకెల్తే ఊరుకుంటాదేటి? కుండ మీద సెయ్యి అడ్డెట్టింది." ఆమె మంచం కోడు పట్టుకుని మళ్ళీ మొక్కుకుంది. కొడుకు ప్రాణం దక్కింది కాబట్టి, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ ఏటా దండం చేయిస్తానంది. వాడు తలూపాడు.

అప్పుడు చెప్పవలసింది. వాళ్ళిద్దరూ నా ఎదురుగానే ఉన్నారు. తెచ్చిన బత్తాయిలు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

బయట వరండాలో లంజిపల్లివాడు నిలబడి ఉన్నాడు. ముఖంలో వేళాకోళం లేదు. "ముసలామె దగ్గిరికెల్లి దెబ్బలాడాను. ముందెల్లిన బాబు సెప్పాడంది," అన్నాడు. "నాను ఆడికి సెప్పను. నువ్వే సెప్పాల." కొన్నాళ్ళకు వాళ్ళ నాన్నకు ఖరగ్‌పూర్ బదిలీ అయింది. వెళ్ళేలోగా వాడు నాతో మళ్ళీ మాట్లాడలేదు.

పల్లెవాడు చదువు మానేసి ఊరికి వెళ్ళిపోయాడు. నేను దుకాణంలో కూర్చున్నాను. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. చైత్రంలో దండువాల డప్పు మా వీధిలోకి వస్తే, గోదాములో బస్తాలు చూసుకునే పని పెట్టుకునేవాణ్ణి. చెప్పాలని రాసి చింపేసిన ఉత్తరాలు లెక్కలేనన్ని. ఇన్నేళ్ళయ్యాక ఎందుకు కదిలించడం అనుకునేవాణ్ణి. ఆ వంకతోనే ఇంకో పదేళ్ళు గడిచేవి.

యాభై దాటాక బెల్లం బేరానికి అస్కా వెళ్తూ, దారిలో ఒక ఊళ్ళో జనం మూగి ఉంటే కారు ఆపాను. మిట్టమధ్యాహ్నం. దుమ్ములో పదిహేనుమంది వరసగా పడుకుని పొర్లుతున్నారు. చివర ఉన్న మనిషి తల నెరిసింది. అందరూ లేచాక కూడా అతను లేవలేదు. మోచేతి మీద ఆనుకుని, ముందు ఎడమకాలు మడిచి, కుడికాలిని చేత్తో లాక్కున్నాడు. గట్టిగా మూసుకున్న కళ్ళ నిండా మట్టి. చుట్టూ ఆడవాళ్ళు ఆ పాదాల దగ్గర దుమ్ము తీసి పిల్లల నుదుట పెడుతున్నారు. నేను కారెక్కి తలుపు వేసుకున్నాను.

ఇంకో ఏడాది పట్టింది. ఈసారి చైత్రం కాకుండా, వానలు వెనకపట్టాక, వాళ్ళ ఊరు వెళ్ళాను. వాడు అరుగు మీద కందికాయలు ఒలుస్తున్నాడు. గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టలేదు.

"ఏటి సావుకారీ! ఇన్నాళ్ళకి దారి తెలిసిందా?" అని నవ్వాడు. కోడల్ని పిలిచి, "పట్నం నుంచి మా నేస్తం వచ్చాడే" అని చెప్పాడు. ఆ నవ్వు ఉండగానే చెప్పకపోతే మళ్ళీ చెప్పలేనని తెలుసు. నిలబడే చెప్పాను. ముసలామెతో అన్న మాట, సైకిలాయన్ని పిలవకపోవడం, చప్పుడు ఆగినప్పుడు నేను అనుకున్నది, అన్నీ.

వాడు ఒలవడం ఆపలేదు. రెండు మూడు కాయలు అయ్యాక అడిగాడు.

"నాకు నీళ్ళు తాగొచ్చని... నీకు సెప్పాను కదా?"

"చెప్పావు."

"మరిసిపోయి అన్నావేటి?"

వాడు నాకు దారి ఇస్తున్నాడు. అవునంటే అయిపోయేది. అలా అనేసి ఇంటికి తిరిగి వెళ్ళిపోవచ్చు.

"లేదు, గుర్తుంది," అన్నాను.

చేతిలో కాయ చాటలో పడేశాడు.

"మా అమ్మ పోయి నాలుగేళ్ళయింది," అన్నాడు. "పోయేముందు నా కాలు ఒళ్ళో ఎట్టుకుని ఏడిసింది. నానే కదరా ఎల్లమన్నాను, నీ కాలు నానే తీసీసాను అని. ఊరుకోమంటే ఊరుకునేది కాదు. ఇరవయ్యేళ్ళ పైన అదే మాట." వాడు నా వైపు చూశాడు. కోపం లేదు. కోపం ఉంటే ఎంత బాగుండేదో. "నాకు ఇప్పుడు సెప్పి ఏటి లాబం? ఆవిడకి సెప్పాల్సింది."

నా తప్పు తగిలింది ఒక్కడికే అనుకున్నాను అన్నాళ్ళూ. క్షమాపణ అడగడానికి వెళ్ళిన చోట, అడగవలసిన మనిషి ముందే వెళ్ళిపోయింది. నేను చెప్పని తప్పును తన మీద వేసుకుని వెళ్ళిపోయింది.

"ఇంక ఎల్లు సావుకారీ," అన్నాడు. "బస్సుండదు మళ్ళీ."

కారులో వచ్చానని చెప్పలేదు.

తర్వాతి చైత్రానికి, బెల్లం తెచ్చే పాత్రపూర్ మనిషిని మాటల మధ్యలో అడిగాను, ఈ ఏడు దళంలో ఆ కుంటాయన ఉన్నాడా అని. ఉండడనే అనుకున్నాను. తన మీద తప్పు లేదని తెలిశాక ఎందుకు పొర్లుతాడు?

"ఉన్నాడు బాబూ," అన్నాడతను. "ఆయన మానడు. ఈసారి ఎండ మరీ గట్టిగా ఉంది, వయసయిపోయింది, మానీమని అందరూ సెప్పారు. వింటేనా? తల్లి పేర సేస్తన్నానంటాడు."

అతను తల్లి అన్నది అమ్మవారినో, వాళ్ళమ్మనో నాకు తెలియలేదు. అడగలేదు. బస్తాలు దింపించుకుని, లోపలికి వెళ్ళి కూర్చున్నాను. బయట ఎండ కాస్తూనే ఉంది.