లేచి నిలబడ్డాక చెప్పే మాట

1949 వేసవిలో నన్ను సూర్యాపేట కార్యాలయానికి సహాయ విలేఖరిగా పంపారు. అక్కడ ఇన్‌ఛార్జి సుబ్రహ్మణ్యం గారు. బెజవాడలో పేరు తెచ్చుకుని వచ్చిన మనిషి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వార్తలన్నీ ఆయన చేతి మీదుగానే పత్రికకు వెళ్ళేవి. ఊళ్ళలో మాకు జీతం లేని విలేఖరులు ఉండేవారు. వారిని కంట్రిబ్యూటర్లు అనేవాళ్ళం. వాళ్ళు తెచ్చిన సమాచారాన్ని వార్తగా రాసి బస్సులో కవరు పంపడం కార్యాలయం పని.

కోదాడ కంట్రిబ్యూటరు యాదగిరి. నిజాం కాలపు బడిలో ఉర్దూలో చదువుకున్నవాడు కనుక తెలుగులో వార్త రాయడానికి అతనికి చెయ్యి సాగేది కాదు. సుబ్రహ్మణ్యం గారికి ఉర్దూ రాదు. అందుచేత యాదగిరి బస్సెక్కి వచ్చి నోటితో చెప్పేవాడు, ఆయన రాసుకునేవారు. ఇలాంటి ఏర్పాటులో వినడమే సగం ఉద్యోగం. ఆ సగం ఆయన చేసేవారు కాదు. రెండో వాక్యం మొదలయ్యేసరికే “అర్థమైంది, అర్థమైంది” అంటూ చెయ్యి ఊపేవారు. పైగా తాను గొప్ప శ్రోతనని ఆయన గట్టి నమ్మకం.

మా వైపు ఒక అలవాటుంది. అసలు మాట కూర్చున్నంతసేపూ బయటికి రాదు. వానలు, పంటలు, ఇంట్లో వాళ్ళ బాగోగులు అన్నీ అయ్యాక, లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టి, గుమ్మం దగ్గర ఆగి చెబుతారు. “ఇంకొక్క ముచ్చట” అన్నాక వచ్చేదే ముచ్చట. కుర్చీలో ఉన్న పెద్దమనిషి ముందు బరువైన మాట వచ్చీరాగానే పెట్టడం మర్యాద కాదని మావాళ్ళ లెక్క. అక్కడ పనిచేయడానికి వచ్చినవాడు ఈ సంగతి పది రోజుల్లో కనిపెట్టవచ్చు. కనిపెట్టాలన్న ఆలోచన ఉండాలి, అంతే.

అప్పట్లో రైతులు పంటలో కొంత సర్కారుకు అమ్మాలని లెవీ నియమం ఉండేది. మోతె దగ్గరి ఒక పల్లెలో దొర తన వడ్లను లెవీకి చూపకుండా గొర్ల దొడ్డి వెనక దాచాడు. ఆ సంగతి యాదగిరికి చెప్పినవాడు ఆ దొర పొలాన్నే కౌలుకు దున్నే లింగయ్య. పేరు బయటికి రానివ్వనని యాదగిరి మాట ఇచ్చాడు. చెప్పినవాడి పేరు దాచడం మా వృత్తిలో మొదటి పాఠం.

యాదగిరి వచ్చిన రోజు నేను మిర్యాలగూడలో ఉన్నాను. జరిగింది తరువాత ఇద్దరూ చెప్పారు. ఇద్దరి కథా ఒకటే, అదే విచిత్రం. యాదగిరి అంతా చెప్పాడు, ఎవరు చెప్పారో కూడా చెప్పాడు. లేచాడు. గుమ్మం దగ్గర ఆగి “సార్, ఇంకొక్క ముచ్చట” అన్నాడు. “అర్థమైందయ్యా, బస్సు పోతుంది, నువ్వు వెళ్ళిరా” అన్నారు సుబ్రహ్మణ్యం గారు, తల ఎత్తకుండా.

పేరు వేయవద్దన్న ముచ్చట గుమ్మం దగ్గరే ఉండిపోయింది. వార్త అచ్చయింది. లింగయ్య అనే సాహసి రైతు ఈ విషయం వెల్లడించాడని అందులో ఉంది. పేరు వేయడం లింగయ్యకు గౌరవమని ఆయన ఉద్దేశం.

దొర అరవలేదు, కొట్టలేదు. పొలం ఈ ఏడు వేరేవాళ్ళు దున్నుతారని కబురు పంపాడు. నోటిమాట కౌలు, నోటిమాటతోనే పోయింది. నేనూ యాదగిరీ వెళ్ళేసరికి లింగయ్య భార్య మల్లమ్మ వాకిట్లో ఉంది.

“రా అన్నా, కూసో. మీ పేపర్ల మా ఇంటాయన పేరెక్కిందట గద. ఇగ దాన్నే దున్నుకుంటం, దాన్నే కోసుకుంటం.”

“ఊకోవే,” అన్నాడు లింగయ్య. యాదగిరి వైపు తిరిగి, “రానియ్యనంటివి గదనే” అన్నాడు.

సూర్యాపేటకు తిరిగి వచ్చి, తహసీల్దారు దగ్గరికి మీరు స్వయంగా వెళ్ళి ఆ కౌలు నిలబెట్టమని అడగండి, మీ హోదాకు వింటాడు అని సుబ్రహ్మణ్యం గారితో అన్నాను. యాదగిరి పక్కనే ఉన్నాడు.

“తప్పు మనది కానప్పుడు వెళ్ళడం ఎందుకండీ? అంత ముఖ్యమైతే ముందే చెప్పొచ్చు కదా. నేను ఎదుటివాడి మాట వింటానో లేదో బెజవాడలో ఎవర్నైనా అడగండి” అన్నారాయన.

“బెజవాడ దాక ఎందుకు సార్, మోతెల అడుగుండ్రి” అన్నాడు యాదగిరి.

ఆయన వెళ్ళలేదు. నేను ఒక్కణ్నే వెళ్ళాను. తహసీల్దారు సహాయ విలేఖరికి మంచినీళ్ళిచ్చి పంపించాడు. మర్నాడు మా కార్యాలయం గోడమీద సుబ్రహ్మణ్యం గారు రాయించిన ఒక అట్ట వెలిసింది. చెప్పవలసినది మొదటనే, క్లుప్తంగా చెప్పవలెనని. పొలం పోయింది లింగయ్యది, క్రమశిక్షణ నేర్చుకోవలసింది కంట్రిబ్యూటర్లట. వాళ్ళు ఆ అట్టను అక్షరాలా పాటించారు. మొదటి మాట చెప్పి వెళ్ళిపోయేవారు. గుమ్మం దగ్గర ఎవరూ ఆగలేదు. యాదగిరి రావడమే మానేశాడు. కోదాడ వార్తలు తగ్గడానికి కంట్రిబ్యూటరు బద్ధకమే కారణమని సుబ్రహ్మణ్యం గారు పైవాళ్ళకు రాశారు. తరువాత ఆయనకు ప్రమోషన్ వచ్చింది. లింగయ్య, మల్లమ్మ మిర్యాలగూడ వైపు కూలికి పోయారు.

కొన్నేళ్ళకు నేనూ అలాంటి కుర్చీలో కూర్చున్నాను. వచ్చినవాడు లేస్తే నేనూ లేచి గుమ్మం దాకా నడిచేవాణ్ని. సగానికి పైగా వార్తలు అక్కడే దొరికాయి. కింద పనిచేసేవాళ్ళు మాట్లాడరని ఫిర్యాదు చేసే అధికారులను ఆ తరువాత చాలామందిని చూశాను. వాళ్ళ మాటను తానెక్కడ తుంచుతున్నాడో ఎవరూ చూసుకోరు. అధికారి తన గురించి తెలుసుకోవాలంటే తనను మెచ్చినవాళ్ళను అడిగితే చాలదు. తాను చేసిన పనికి పొలం పోగొట్టుకున్నవాడి ఊరికి వెళ్ళి అడగాలి.