కొన్న నీళ్లతో మింగిన బిళ్లలు

చెయ్యి వెనక్కి లాక్కునే లోపే బిళ్ల నా అరచేతిలో పడింది, పెద్దమ్మేమో నా నీళ్ల సీసా మూత కూడా తిప్పి పట్టుకుని కూర్చుంది. పెద్దమ్మంటే అమ్మకి అక్క. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో నాకు జీడిపిక్కలు కొయ్యడం నేర్పింది తనే, ఇప్పటికీ నా పక్క మిషను తనదే. నిన్న టీ వేళకి నేను నడుం పట్టుకుని లేవడం చూసి ప్రేమ కొద్దీ ఇచ్చింది, తప్పుపట్టడానికి ఏమీ లేదు. వద్దని మళ్లీ ఆమె చేతిలోనే పెట్టేశాను. ఆమె నా వంక అదోలా చూసి, ఆ బిళ్ల తనే వేసుకుని పనిలో పడింది. నాకు మాత్రం సాయంత్రం దాకా పాత రోజులే కళ్ల ముందు తిరిగాయి.

పదో తరగతి తప్పాక ఆ పనిలో చేరాను. పిక్క కొయ్యాలంటే కాలితో తొక్కాలి, చేత్తో నొక్కాలి, ఒక్కసారి కూర్చుంటే నడుం వంచినది వంచినట్టే ఉంటుంది, పైగా పిక్క తొక్కలోని జీడి రసం తగిలి వేళ్లు బొబ్బలెక్కిపోతాయి, ఎంత ఆముదం రాసుకున్నా ఆ నలుపు పెళ్లిళ్లలో కూడా వదలదు. మొదటి వారంలోనే నేను ఏడుపు మొహం పెడితే పెద్దమ్మ ఒక బిళ్ల ఇచ్చింది. మా వరసలో ఆడవాళ్లందరూ టీతో పాటు వేసుకునేవారు, భోజనమయ్యాక ఆకూ వక్కా వేసుకున్నంత మామూలుగా. సందు మలుపులో మందుల కొట్టు ఉండేది, పేరక్కర్లేదు, బిళ్ల రంగు చెబితే ఇచ్చేసేవారు. మొదట నొప్పి వచ్చాక వేసుకునేదాన్ని, తర్వాత రాకుండా వేసుకునేదాన్ని, ఆ తర్వాత పొద్దున్నే అది పడకపోతే పక్క మీంచి లేవబుద్ధయ్యేది కాదు. అది వేసుకుంటే నొప్పి పోవడమే కాదు, నోరు కూడా విచ్చుకునేది. షేర్ ఆటోలో నేను ఎక్కితే పలాస నుంచి మా ఊరు వచ్చేదాకా నవ్వులే నవ్వులు.

ఇక్కడొక మాట చెప్పాలి. మాది ఉద్దానంలో ఊరు, వీధికొకరైనా కిడ్నీ జబ్బు మనిషి ఉంటారు. కారణం ఏమిటో తేల్చి చెప్పినవాళ్లు లేరు గానీ, మా అందరి లెక్కలో తప్పంతా నీళ్లదే. అందుకని నా మొదటి జీతం రోజునే ఇంటికి కేను నీళ్లు వేయించాను. పెళ్లికెళ్లినా, చావుకెళ్లినా నా సీసా నా చేతిలోనే ఉండేది, దొరసాని వచ్చిందని చుట్టాలు వెక్కిరించేవారు. ఆ నీళ్లతోనే పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మింగుతూ, కిడ్నీలు కాపాడుకుంటున్నానని ఎంతో నిబ్బరంగా ఉండేదాన్ని.

మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, కొబ్బరి చెట్లెక్కే మనిషి. అతనికి జబ్బు ముదిరి డయాలసిస్ మొదలయ్యాక అత్తకి కుదరని రోజుల్లో ఆస్పత్రికి తోడుగా నేనే వెళ్లేదాన్ని. ఒకరోజు మిషను పక్క స్టూలు మీద కూర్చుని అలవాటుగా బిళ్ల వేసుకుంటుంటే నన్ను చూశాడు.

"నీళ్లు కొనుక్కునే తాగుతన్నావు, బాగున్నాది కోడలా. ఆ నీళ్లతో ఏటి మింగుతన్నావు?"

ఒళ్లు నొప్పులకి అన్నాను.

"సెట్టెక్కినన్నాళ్లూ నానూ నొప్పులకే మింగినాను."

అంతే అన్నాడు, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ రోజే నేనూ పరీక్షకి రక్తం ఇచ్చాను. డాక్టరమ్మ కాగితం చూసి, క్రియాటినిన్ ఇప్పటికే కొంచెం పెరిగిందనీ, ఈ బిళ్లలు మానితే దిగే అవకాశం ఉందనీ, మానకపోతే ఎవరూ ఏమీ చెయ్యలేరనీ మెల్లగా చెప్పింది. అందులో మత్తు మందు కూడా కలిసి ఉంది కనుక ఒక్కసారిగా ఆపొద్దని, ఎలా తగ్గించుకోవాలో కూడా చెప్పింది.

మానడం మాటలు కాదు. చెమటలు, కాళ్లు లాగడం, ఊరికే ఆవులింతలు, ఎవరు పలకరించినా చిరాకు. అవన్నీ ఓర్చుకున్నాను గానీ, నోట మాట పోయింది చూశారూ, దానికే భయపడ్డాను. ఆటోలో ఒకామె, "ఏటే, నోరు కుట్టీసినారా?" అంది. అందరూ నవ్వారు. నేను సీసా మూత తిప్పుకుంటూ కూర్చున్నాను. ఇన్నాళ్లూ నవ్వించినది బిళ్లేనేమో, అది తీసేస్తే నాలో మిగిలినది ఈ ముంగి మనిషేనేమో అనిపించి, ఆ దిగులుకే మళ్లీ కొట్టు దాకా వెళ్లి వెనక్కి వచ్చిన రోజులున్నాయి.

మావయ్యకి మాత్రం ఈ దిగులు చెప్పాను.

"పిచ్చిదానివేటే? నువ్వు పాలు మానకముందే వాగీదానివి. మీ అమ్మ బుర్ర తినీస్తన్నావని నిన్ను నా బుజం మీద ఎక్కించీది. అప్పుడే బిళ్ల ఏసినారు నీకు?" అన్నాడు. "ఏటోటి సెప్పు. ఈ మిషనుతో నానేటి మాటాడతాను?"

ఏం చెప్పాలో తెలియక, రైలు గేటు దగ్గర మా ఆటోలోకి ఒక మేక ఎక్కేసిన సంగతి మొదలుపెట్టాను. మేకకి టిక్కెట్టు డబ్బులు ఎవరివ్వాలని ఆడవాళ్లూ డ్రైవరూ తగువు పడుతుండగా అది పెద్దమ్మ కేరేజీలో అన్నం తినేసింది. మధ్యలో ఆగాను, తడుముకున్నాను, అయినా మాట వెనక మాట వచ్చింది. పక్క మంచం ముసలాయన, "మేకకి కూర కూడా ఏసినారేటి?" అని అడిగాడు. మావయ్య నవ్వి చెయ్యి కదిపేసరికి మిషను కుయ్యోమని అరిచింది, నర్సమ్మ పరుగున వచ్చి నన్ను తిట్టింది. బిళ్ల పడని ఒంటితో, నడుం లాగుతుండగానే, నేను మనుషుల్ని నవ్వించాను.

ఇదంతా జరిగి కొన్నేళ్లయింది. నా రక్తం కుదుటపడింది, పరీక్షకి మాత్రం వెళుతూనే ఉంటాను. ఊళ్లోకి కుళాయి నీళ్లు వచ్చాయి. మావయ్య లేడు, ఆ పక్క మంచం ముసలాయనా లేడు. ఆటోలో ఇప్పుడు ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటారు, నన్నెవరూ మాట్లాడమనరు. నేనూ అప్పటి కంటే తక్కువే మాట్లాడతాను, అలసిపోతే మధ్యలోనే ఊరుకుంటాను. పరీక్షకి రమ్మని పెద్దమ్మని ఎప్పుడడిగినా, "సూద్దాంలే" అంటుంది. ఎంత దగ్గరి మనిషైనా, ఒకరి బదులు ఇంకొకరు మానలేరు కదా.

అప్పట్లో, మేక కథ చెప్పిన మర్నాడు పొద్దున్న ఆటో వచ్చి వాకిట్లో హారన్ కొట్టింది. అమ్మ కేరేజీ కట్టి గుమ్మం దగ్గర పెట్టింది. పనిలో చేరిన దగ్గర నుంచీ ఇంట్లో నొప్పిని నొప్పి అని పైకి అనలేదు నేను.

"నడుం నొప్పిగా ఉన్నాదమ్మా. ఈయేళ ఎల్లను," అన్నాను.

ఆటో వెళ్లిపోయింది. నేను చాప మళ్లీ పరుచుకుని, ఎండ గుమ్మంలోకి వచ్చేదాకా పడుకున్నాను.