పిక్కలు నొక్కే మేస్త్రమ్మ

మా నాట్ల ముఠా మేస్త్రమ్మకి నోరు పెద్దది. గట్టు మీద నిలబడి ఆమె కేకేస్తే అవతలి పొలంలో వంగినవాళ్లు కూడా నడుం ఎత్తేవారు కాదు. రైతుతో కూలి మాట్లాడటం, నారు కట్టలు పంచడం, వెనకబడినదాన్ని ఆటపట్టించి ముందుకు లాగడం అన్నీ ఆమె పనే. నాట్లు మొదలైనప్పుడు కొత్తవాళ్లకి ఒళ్లునొప్పులూ జ్వరమూ మామూలే. దానికి నాట్ల జ్వరమని మేమే పేరు పెట్టుకున్నాం. వేణ్ణీళ్లు పోసి, పిక్కలు మర్దనా చేసి, మర్నాడు మళ్లీ మడిలోకి దింపడమే మేస్త్రమ్మ వైద్యం. పడుకుంటే ఒళ్లు బిగుసుకుపోతుందని ఆమె నమ్మకం. ఆ వైద్యం చాలామందికి పనిచేసింది కూడా. అదే మా ఖర్మ.

ఓ ఏడు వానలకి గట్ల నిండా ఎలుక బొరియలే. ఆరోగ్య కేంద్రం నర్సు పొలానికే వచ్చింది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో దిగితే పుండ్లలోంచీ, పగిలిన మడమల్లోంచీ జబ్బు ఒంట్లోకి దూరుతుందని చెప్పింది. బూట్లు వేసుకోమంది. జ్వరమొస్తే ఆలస్యం చేయకుండా తన దగ్గరికి రమ్మంది.

"బూట్లతో దిగితే కాలు ఇంటికొస్తుంది, బూటు మడిలోనే కాపురం పెడుతుంది" అంది మేస్త్రమ్మ. అందరూ పగలబడి నవ్వారు. పాపం, నర్సుకీ నవ్వాగలేదు.

ఆ ఏడే మేస్త్రమ్మ కోడలు ముఠాలో చేరింది. నాటుతున్నంతసేపూ వాగుతూనే ఉండేది. మేస్త్రమ్మ పైకి విసుక్కునేది గానీ, ఆ పిల్ల ఒక్కపూట కనిపించకపోతే కాలుగాలిన పిల్లిలా తిరిగేది. నాట్లు సగమయ్యేసరికి కోడలికి జ్వరం తగిలింది. కళ్లు ఎర్రబడితే ఎండదెబ్బ అనుకున్నారు. సాయంత్రం మేస్త్రమ్మ కోడలి కాళ్లు ఒళ్లో పెట్టుకుని పిక్కలు గట్టిగా మర్దనా చేసింది. ఆ పిల్ల తట్టుకోలేక అత్త చేతులు పట్టుకుంది.

"వద్దత్తా, నువ్వు చెయ్యేస్తేనే ప్రాణం పోతోంది."

"ఓర్చుకో తల్లీ. రేపటికి చేత్తో తీసేసినట్టు పోతుంది."

మర్నాడు మళ్లీ మడిలోకి దింపింది. ఆ తర్వాత కళ్లు పచ్చబడి, మూత్రం ఆగిపోతే అప్పుడు ట్రాక్టరులో వేసుకుని పెద్దాసుపత్రికి పరుగెత్తారు. ఎలుకల జబ్బేనని, మొదట్లోనే తెస్తే మాత్రలతో తగ్గేదని డాక్టరు అన్నాడు. పిక్కలు ముట్టుకోనివ్వనంత నొప్పి ఉందా, ఈ జబ్బుకి అదొక గుర్తు అన్నాడు. మేస్త్రమ్మ తన చేతులకేసి చూసుకుంది. పిల్ల దక్కలేదు.

మరుసటి నాట్లకి ఆమె వచ్చింది గానీ ఆ నోరు రాలేదు. ఇప్పుడు రోజూ మడిలోకి దిగేముందు అందర్నీ గట్టు మీద కూర్చోబెడుతుంది. పుండ్లుంటే నీళ్లు దూరని పట్టీ అంటిస్తుంది. గట్లు చెక్కేవాళ్లకి బూట్లు తొడిగిస్తుంది. పనయ్యాక బోరు కింద సబ్బుతో కాళ్లు కడిగిస్తుంది. పిక్కలు మెల్లగా నొక్కి, నొప్పా అని అడుగుతుంది. ఒళ్లు వెచ్చగా ఉన్నదాన్ని కూలి పోతుందని మొత్తుకున్నా వినకుండా నర్సు దగ్గరికి తీసుకెళుతుంది. ఆమెకి చాదస్తం పట్టిందనే వాళ్లున్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

మొన్న ముఠాలో ఓ పిల్ల ఆమె చెయ్యి తగలగానే కాలు లాక్కుంది. ఆసుపత్రిలో ఆ జబ్బేనని తేలింది. మాత్రలతోనే కోలుకుని, నవ్వుతూ ఇంటికొచ్చింది. దాని తల్లి పొలానికొచ్చి మేస్త్రమ్మ రెండు చేతులూ కళ్లకద్దుకుంది.

"నీ కడుపు చల్లగుండ. నా బిడ్డని బతికించావు."

మేస్త్రమ్మ చేతులు వెనక్కి తీసుకుంది.

"నా పిల్ల కూడా నొప్పని చెప్పిందమ్మా" అంది. "నాకే చెప్పింది."