నా ముందరి పన్ను ఊడిన కథ

పై వరసలో నాకు ముందరి పన్ను ఒకటి లేదు. ఎవరైనా అడిగితే, ఒక రోగిని చంపడానికి కర్రలు పట్టుకొచ్చిన మూకకు అడ్డంగా నిలబడి, నేనొక్కణ్ణే అందరినీ తరిమేశాననీ, ఆ పెనుగులాటలో పన్ను రాలిందనీ చెబుతాను. పెళ్ళిచూపుల్లోనూ అదే చెప్పాను. పిల్ల తండ్రి నా పళ్ళెంలో ఇంకో రెండు జంతికలు వేయించాడు.

మొన్న ఒక వైద్య కళాశాలలో, హిజ్రాలూ, ట్రాన్స్ మనుషులూ, మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళూ, ఆడవాళ్ళను ప్రేమించే ఆడవాళ్ళూ వైద్యానికొస్తే ఎలా మసలుకోవాలో పిల్లలకు చెప్పమని నన్ను పిలిచారు. నాతో చదువుకున్న డాక్టరమ్మనూ పిలిచారు. నాది పలాస, ఆవిడది టెక్కలి. ఆవిడ ముందు వరసలోనే కూర్చోవడంతో మూక కథ గొంతులోనే ఆగిపోయింది. ఉన్నదే చెప్పాను.

అరవైల చివర, మేమింకా వైద్య విద్యార్థులం. ఉద్దానంలో ఒక ఊరి బడిలో మా కాలేజీ వాళ్ళు వైద్య శిబిరం పెట్టారు. ఒక మధ్యాహ్నం జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళు ఒక మనిషిని మోసుకొచ్చి బెంచీల మీద ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టారు. చీర నిండా రక్తం. ఎడమ చెవి సగం తెగి వేలాడుతోంది. వీపు మీద దెబ్బలు ఉబ్బి పగిలాయి. వేళ్ళు మాత్రం, పిక్కల్లోంచి చిమ్మే నూనెకు కాలి నల్లబడి, తక్కిన ఆడవాళ్ళ వేళ్ళలాగే ఉన్నాయి.

“పిక్కల మేస్త్రీ కొట్టించేసినాడు బాబూ,” అంది ఒకామె. “ఇన్నాళ్ళూ మాతోనే పిక్కలు కొట్టింది. ఆడదిగా పుట్టనేదని ఇయ్యాలే తెలిసిందట ఆడికి. జుట్టట్టుకుని ఈదిలోకి ఈడిసి, కొబ్బరి మట్టల్తో బాదేసినారు.”

వాళ్ళ వెనకే మేస్త్రీ మనుషులూ వచ్చారు.

“ఆ మాడాని బైటికి తోలండి! ఆడోళ్ళలో సేరి మోసం సేత్తాడా?”

రాయి తగిలి కిటికీ రెక్క విరిగింది. మా ప్రొఫెసరు గుమ్మంలో నిలబడి వాళ్ళను ఆపాడు. చొక్కా చిరిగినా కదలలేదు. ఇదంతా నిజమే. నేను మాత్రం అక్కడ లేను. లోపల, బెంచీల దగ్గర ఉన్నాను.

వింత కేసంటే మాకు ఆకలి. చెవి వేలాడుతుంటే చెవి వంక చూసినవాడు లేడు. మగపిల్లలమంతా చుట్టూ మూగాం.

“ఉందేటిరా, లేదేటిరా?”

“నువ్వే సూసి సెప్పరా బావా!”

బావను నేనే. నవ్వుల మధ్య చీర కుచ్చిళ్ళు పట్టుకుని పైకెత్తాను.

మడమ వచ్చి నా మూతి మీద పడింది. పన్ను నాలుక మీదికి రాలింది. ఒళ్ళు మండి, ఆ పగిలిన వీపు మీదే పిడికిలితో గుద్దాను.

ఆమె లేచి, చెవి చేత్తో పట్టుకుని గుమ్మం వైపు నడిచింది.

“బైట ఆళ్ళు కొట్టినారు, లోపల మీరు కొట్టినారు. ఆ బైటే సత్తాను, నన్నొగ్గీండి.”

ఇంకో రెండడుగులేస్తే మట్టల మధ్యలో పడేది. అప్పుడు మా క్లాసు అమ్మాయి, ఈ టెక్కలి డాక్టరమ్మే, దారికి అడ్డంగా నేల మీద కూర్చుంది.

“నిన్నేటని పిలవాలప్పా?” అంది. అప్ప అంటే మా వైపు అక్క.

ఆమె తన పేరు చెప్పింది. ఆడపేరు.

“సెవి కుట్టాలప్పా. నువ్వు సెప్పకుండా ఇంకేటీ ముట్టుకోను. నీవోళ్ళు నీ పక్కనే ఉంటారు.”

ఆమె కూర్చుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్ళు చెంగులు పరదాగా పట్టారు. బయట బూతులు వినబడుతుండగానే, ప్రొఫెసరు వీపు వెనకాల కుట్లు పడ్డాయి. చెవి నిలిచింది. వాళ్ళే ఆమెను నడుమ పెట్టుకుని, పెరటి దోవన కొబ్బరి తోటల్లోంచి తీసుకుపోయారు.

ఇంతా చెప్పాక పిల్లలను కాస్త నవ్విద్దామని, “అలా ఉన్నపళంగా తన్నకుండా, వద్దని ఒక్క మాట అనుంటే ఆగిపోయేవాణ్ణే. నా పన్ను నాకుండేది,” అన్నాను.

డాక్టరమ్మ కుర్చీలోంచి లేవనైనా లేదు.

“అబద్దం. వద్దు బాబూ, వద్దు బాబూ అని అరుస్తానే ఉంది. గుమ్మం దగ్గరున్న నాకే ఇనబడింది. నువ్వూ ఇన్నావు. నోర్ముయ్ అన్నావు. ఆ తరవాతే తన్నింది.”