రాయి ఇంకా నానలేదు

మా పలకల మేస్త్రీ పోయాడన్న సంగతి మార్కాపురం బస్టాండు దగ్గర టీ తాగుతుంటే తెలిసింది. "చివరిదాకా దగ్గుతానే ఉన్నాడంట, పాపం" అన్నాడు చెప్పినవాడు. గ్లాసు కింద పెట్టాను. ఏడుపు రాలేదు. మీ దగ్గర దాచడమెందుకు, నాలుగు నెలలుగా ఆయన మీద కోపంతో ఉన్నాను. మనిషి పోయినా అది పోలేదు.

ముందు మంచి చెప్పాలి. నేను బడికి పోయినవాణ్ణి కాదు. చిన్నప్పుడు పలకల షెడ్డులో నీళ్లు మోసేవాణ్ణి. నాకన్నా ఆరేళ్లు పెద్దవాడైన ఆయన అప్పటికే రాయి చీల్చేవాడు. మూల విరిగిన పలకల్ని పారెయ్యకుండా నా సంచిలో వేసేవాడు. దుకాణాల బోర్డులు చూసి ఆ పలకలమీద దిద్దుకున్నాను. మందుల దుకాణంతో మొదలుపెట్టడం వల్ల నాకు ఔషధంలో ఔ ముందొచ్చింది, అమ్మలో అ చాలా రోజులకు గానీ రాలేదు. ఆయనకు మాత్రం సంతకం తప్ప అక్షరం రాదు. ఎన్ని ఊళ్ల పిల్లలు ఆయన పలకలమీద ఓనమాలు దిద్దారో.

ఆయన పని చూసి తీరాల్సిందే. గని నుంచి వచ్చిన రాయిని తడి గోనెపట్టాల కింద నానబెట్టేవాడు. ఆరితే పొరలు విడవవు. వేలి కణుపుతో అక్కడక్కడ తట్టి, చెవి ఆనించి వినేవాడు. ఒకచోట తలూపేవాడు. అక్కడ ఉలి పెట్టి రెండు దెబ్బలు వేస్తే పొర నున్నగా విడిపోయేది.

షెడ్లు ఒక్కొక్కటే మూతపడ్డాక, ఒక పాత షెడ్డులో ఇలాంటి పనుల్ని కాపాడతామంటూ కళాకేంద్రం పెట్టి, ఆయన్ను గురువుగా కూర్చోబెట్టారు. అలాంటి చోట ఇంటర్నులుగా చేరే పిల్లలకు ఏడాదిపాటు సగం జీతం ప్రభుత్వమే ఇచ్చే పథకం ఒకటి వచ్చింది. ఏడాది తర్వాత ఆ డబ్బు ఆగిపోతుంది. రాయి చీల్చడం వచ్చి ఉంటేనే కేంద్రం ఉంచుకుంటుంది. పుల్లలచెరువు దగ్గర కంది వేసుకునే నా స్నేహితుడి కూతురు డిగ్రీ చదివి ఇంట్లో ఉంది. నేనే వెళ్లి అడిగాను.

"ఆడపిల్లకు రాళ్ల పనేందన్నా?" అన్నాడు వాళ్ల నాయన.

"మేస్త్రీ ఉన్నాడు. ఏడాదికి పని చేతికి రాకుంటే నన్నడుగు" అన్నాను.

ఆ పిల్ల రోజూ బస్సులో వచ్చి, నాలుగు గంటల బస్సుకు పోయేది. పలకలు కడిగేది, చెక్కచట్రాలు బిగించేది, చూడవచ్చినవాళ్లకు విసుక్కోకుండా అన్నీ చెప్పేది.

"తాతా, ఈరోజన్నా ఉలి ఇస్తావా?" అని మేస్త్రీని అడిగేదట. నాకు తర్వాత తెలిసింది.

"రాయి ఇంకా నానలేదు తల్లీ."

ఏం నేర్పారో నెలనెలా పథకం ఆఫీసుకు కాగితం పంపాలి. ఆయన చెప్పేవాడు, నేను రాసేవాణ్ణి. "తట్టి వినడం వచ్చిందని పెట్టు." మరో నెల, "ఉలి పట్టడం వచ్చిందని పెట్టు." కింద ఆయన సంతకం, పైన నా గుండ్రటి అక్షరాలు.

ఏడాది నిండినరోజు పథకం ఆఫీసరు వచ్చాడు. మేస్త్రీ దగ్గెక్కువైందని రాలేదు. ఆ పిల్ల ముందు రాయి పెట్టారు. ఆయనలాగే తట్టింది, చెవి ఆనించింది, ఉలి పెట్టి కొట్టింది. రాయి ముక్కలైంది. ఇంకో రాయి ఇచ్చారు. అదీ అంతే. కేంద్రం మేనేజరు కాగితాలు తిరగేసి, "ఇది మీ రాతే కదండీ" అన్నాడు నాతో. ఆ పిల్ల తల తిప్పి నన్ను చూసింది. మరుసటి నెల నుంచి రావొద్దన్నారు.

నేరుగా మేస్త్రీ ఇంటికి పోయాను.

"ఏందన్నా ఇది? ఒక్కనాడన్నా ఉలి ఇచ్చినావా ఆ పిల్లకు?"

"ఇయ్యలేదు."

అప్పుడు తట్టింది నాకు. పగలంతా తట్టి వినడమే గానీ, ఆయన రాయి చీల్చేది ఎప్పుడూ నాలుగు గంటల బస్సు పోయాకే. ఎన్నోసార్లు పక్కనే కూర్చుని కబుర్లు చెప్పినవాణ్ణి, గమనించనేలేదు.

"నా కొడుకుల్ని ఆ రాయి దిక్కు రానిచ్చినానా?" అన్నాడు. "పని వస్తే ఊరికే ఉంటాదా? మిగిలిన ఏ షెడ్డులోనో చేరి రాతి దుమ్ము తింటాది. నా రొమ్ములో ఉండేది చాలదా?"

"మరి సంతకాలు?"

"పెట్టకుంటే పిల్ల జీతం ఆపుతారు. ఏడాదన్నా తీసుకోనీలే అనుకున్నా."

"ఆ పిల్లకు చెప్పినావా? పోనీ, నాకన్నా చెప్పినావా?"

"చెప్తే నువ్వు రాస్తావా?" అని గోడవైపు తిరిగాడు.

రాయను. ఆయనకు తెలుసు. అందుకే చెప్పలేదు. ఆయనది మంచి మనసే, కాదనను. కానీ దుమ్ము వద్దో, పని కావాలో తేల్చుకోవాల్సింది ఆ పిల్ల. ఆమె ఏడాదిని ఆయనొక్కడే తేల్చేశాడు. నాకు అక్షరాలు పెట్టినవాడే ఆ అక్షరాలతో అబద్ధం రాయించాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు నేను. అలాగే పోయాడు.

మూడోరోజు కేంద్రానికి వెళితే ఆ పిల్ల అక్కడుంది. కబురు తెలిసి వచ్చిందట. ఆయన చివరగా కప్పిపెట్టిన రాయి మూలనే ఉంది. గోనెపట్టా ఎండి బిరుసెక్కింది. ఆ పిల్ల దాన్ని తీసి, రాయిని కణుపుతో తట్టి, చెవి ఆనించి చాలాసేపు అలాగే ఉంది.

"ఏం వినపడిందమ్మా?"

"చప్పుడే వినపడింది తాతా. అందులో ఏది వినాల్నో చెప్పకుండా పోయినాడు."

లేచి, చెంబుతో నీళ్లు తెచ్చి రాయిమీద పోసింది. గోనె తడిపి మళ్లీ కప్పింది. నాలుగు గంటల బస్సుకు వెళ్లిపోయింది.

నేను కూర్చునే ఉన్నాను. గోనె అంచునుంచి కారిన నీళ్లు, నేలమీది బూడిదరంగు దుమ్ములో నల్లగా దారి చేసుకుంటూ నా చెప్పుల దాకా వచ్చాయి.