మూడు వారాలు వినపడని గుండె

ఆ రోజుల్లో మా గట్టి నమ్మకమేమిటంటే, స్టెతస్కోపు మెడలో పడగానే మనిషి సగం డాక్టరైపోతాడని, మిగతా సగం సంగతి కాలేజీవాళ్ళు చూసుకుంటారని. అందుకే హిందూపురంలో మెడిసిన్ వార్డు పోస్టింగు పడగానే, ధర్మవరంలో పొద్దున రైలెక్కినప్పటినుంచే దాన్ని మెడలో వేసుకుని కూర్చునేవాణ్ణి. (సంచిలో పెడితే నలిగిపోతుందని మా అమ్మకు చెప్పాను. ఆమె నమ్మలేదు.) కిటికీలో పెనుకొండ కొండ మంచులోంచి లేచి, మెల్లగా ఇటు తిరిగి, అటు తిరిగి, వెనక్కి జారిపోయేది. ఆ ఊగుడులో, ఆ ఎండలో నేను అప్పటికే పేరుమోసిన గుండె వైద్యుణ్ణి. ఎదురు సీటు పెద్దాయన "ఏమప్పా, డాక్టరా?" అంటే "డాక్టరే, ఇంకా చదువుతాండా" అనేవాణ్ణి, రెండో ముక్క ఆయనకు వినపడకుండా.

మొదటివారమే మా పెద్ద సారు, మేము పదిమందిమి వెంటరాగా, ఆరో నంబరు మంచం దగ్గర ఆగాడు. రొద్దం నుంచి వచ్చిన అవ్వ ఆమె. గుండెలో ఒక తలుపు పూర్తిగా తెరుచుకోదు, రక్తం ఆ ఇరుకులోంచి పోయేటప్పుడు ఒక గురగుర వినిపిస్తుంది. సారు కళ్ళు మూసుకుని, కచేరీలో కూర్చున్నట్టు చాలాసేపు విని, "వినండి" అన్నాడు. ఒక్కొక్కరే వంగడం, వినడం, తల ఊపడం. నా వంతు వచ్చింది. వంగాను. ఏమీ లేదు. తాళం వేసిన ఇంట్లో ఎంత చప్పుడుంటుందో అంత. "వినపడిందా?" అన్నాడు సారు. వెనక తొమ్మిదిమంది చూస్తున్నారు. "వినపడింది సార్." "ఎట్లుంది?" "చాలా స్పష్టంగా ఉంది సార్."

ఆ తర్వాత వార్డులో ఎవరి గుండె దగ్గర వంగినా అదే నిశ్శబ్దం. లోపం నా చెవుల్లోనే ఉందని తేల్చుకున్నాను, ఈ వృత్తికి అది చిన్న ఇబ్బందేనని కూడా. ఎవరినైనా అడగొచ్చు. కానీ స్పష్టంగా వినపడిందన్నవాడు ఏమని అడుగుతాడు? అందుకని రోజూ మధ్యాహ్నం, అందరూ భోజనానికి పోయాక, అవ్వ దగ్గరికి పోయేవాణ్ణి. ఆమెకు మా పద్ధతులన్నీ మాకన్నా ముందే వచ్చేశాయి. నేను నోరు తెరవకముందే ఎడమ పక్కకు తిరిగి, ఊపిరి వదిలి, బిగబట్టి పండుకునేది. కాసేపయ్యాక "ఏమంటాదబ్బా?" అని అడిగేది. "బాగుండాదవ్వా" అనేవాణ్ణి. "బాగుంటే నన్ను ఈడ యాల పండబెట్టినారు?" అనేది. ఇంకో రోజు కొంచెం దిగులుగా, "అందురూ ఇంటారు, ఇంగిలీసులో ఏందో అనుకుంటారు. అది ఏమంటాందో నాకొగరూ చెప్పరు కదప్పా" అంది. అది నాకూ ఏమీ చెప్పలేదవ్వా అనబోయి ఆగిపోయాను.

మూడో వారం చివర పరీక్ష. తప్పితే సంతకం పడదు, పోస్టింగు పూర్తయినట్టు కాదు. చీటీలు తీస్తే నాకు ఆరో నంబరే వచ్చింది. జబ్బు పేరు తెలుసు, అవ్వ తెలుసు, ఇక కావలసిందేముంది? సారు వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. నేను అవ్వను తిప్పి, స్టెతస్కోపు బిళ్ళ పెట్టి, సారు మాదిరే కళ్ళు మూసుకుని తగినంతసేపు ఉండి, పుస్తకంలో ఉన్నదంతా అప్పజెప్పాను. సారు ముఖం ప్రసన్నంగా ఉంది. పెన్ను తీశాడు.

అప్పుడు అవ్వ నన్ను మెచ్చుకోవాలనుకుంది. "ఈ అబ్బి మంచోడు సారూ. తిండి కూడా మాని దినామూ వచ్చి ఇంటాడు. అయితే మీరు ఆ బిళ్ళ మెడకాయ టక్కుమని తిప్పి పెడ్తారు కదా, ఈయప్ప తిప్పడు. సదువుకునే పిల్లోల్లకు ఇట్లేనేమో అనుకుంటి" అంది.

(తెలియనివారికోసం: ఆ బిళ్ళకు రెండు ముఖాలు. ఏ ముఖం ఆనిస్తామో ఆ వైపుకు మెడ తిప్పాలి. లేకపోతే రెండో ముఖం గదిలోని గాలిని వింటుంది. నేను మూడు వారాలు గాలిని శ్రద్ధగా విన్నాను.)

సారు పెన్ను జేబులో పెట్టుకుని, నా చేతిలోని బిళ్ళను టక్కుమని తిప్పి, "ఇప్పుడు విను" అన్నాడు.

విన్నాను. ముందు ఒక తట్టు, వెంటనే ఇంకొకటి. ఆ వెనక, చాలా లోతునుంచి, మా వీధిలో పగటి నిద్రలో గోడ అవతల పక్కింటి మగ్గం వినిపించినట్టు, ఒక గురగుర. ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. ఎవరూ చూడని చోట ఒక మనిషి ఒంటరిగా పని చేసుకుంటున్నట్టుంది. వార్డు, ఫ్యాన్లు, పరీక్ష అన్నీ ఎటో పోయాయి. సారు ఏదో అడిగాడట, రెండుసార్లు. తలెత్తేసరికి ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏం వినిపించింది?"

"ఇదే మొదటిసారి సార్. ఇన్నాళ్ళూ ఏమీ వినపడలేదు. అబద్ధం చెప్పినాను."

"ఇంకో వారం రా" అని మాత్రం అని, సంతకం పెట్టకుండా పక్క మంచానికి పోయాడు.

అవ్వకు ఆ సంతకం సంగతి తెలియదు. "ఇప్పుడన్నా చెప్పబ్బా, ఏమంటాది?" అంది. బిళ్ళను ఆమె రొమ్ముమీదే ఉంచి, స్టెతస్కోపు నా చెవులనుంచి తీసి ఆమె చెవులకే తగిలించాను. అవ్వ ఊపిరి బిగబట్టింది. విని, రొమ్మును మెల్లగా తట్టి, "ఇంత పని చేస్తాందా ఇది? పాపం, ఒగ దినమూ అలిసిపోయినా అని చెప్పల్యా" అంది.

ఇప్పుడు నేనూ డాక్టర్నే. అర నిమిషంలో వింటాను, కాగితంమీద ఒక ముక్క రాస్తాను, పక్క మంచానికి పోతాను. పెద్దగా పొరపాటు జరగదు. అయినా అప్పుడప్పుడు, పరీక్ష తప్పి, ఆ పై వారమంతా ఏ పనీ లేనట్టు ఒక్క గుండె దగ్గరే వంగి కూర్చున్న ఆ తెలివితక్కువవాడు గుర్తొస్తాడు. నవ్వొస్తుంది. ఆ తర్వాత, చెప్పకూడదు గానీ, వాడిమీద కొంచెం అసూయ కూడా.